పీకక్కర్లేని పన్ను

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది చలికాలం మొదట్లో, అహ్మదికి దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో సీనియర్ డెంటిస్టుగా చేరాను. కువైట్‌లో నా ఉద్యోగానికి అదే చివరి మజిలీ. పళ్లు, చర్మం, సూదుల వైద్యం, ఈ మూడే మా దగ్గర ఉండేవి. మెడికల్ డైరెక్టరు ఒక ఈజిప్టు డాక్టరు, ఆయన పైన యజమాని. ఉదయం షిఫ్టులో పళ్ల విభాగం మొత్తం నా చేతి కిందే నడిచేది. వచ్చేవాళ్లలో చమురు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే మనుషులు కొందరు, చుట్టుపక్కల విల్లాల వాళ్లు కొందరు, ఆ విల్లాల్లో పనిచేసే మన కడప, రాయచోటి ఆడవాళ్లు కొందరు.

సూదుల వైద్యం, అంటే ఆక్యుపంక్చర్, చేసే ఆవిడ డాక్టర్ లిన్. యాభై దాటిన చైనా ఆవిడ, మాట తక్కువ. ఆవిడ లైసెన్సు సూదుల వరకే. మందులు రాయకూడదు, ఆసుపత్రికి పంపే రెఫరల్ కాగితం కూడా రాయకూడదు. ఆ అవసరం పడినప్పుడు నా గది తలుపు తట్టేది. అట్లా మాకు స్నేహం కుదిరింది.

ఖాళీ దొరికితే ఆవిడను వాళ్ల వైద్యం గురించి అడిగేదాన్ని. పళ్లు ఎముకల్లో మిగిలిన సత్తువ అనీ, ఎముకలను సాకేది మూత్రపిండాల బలమనీ వాళ్ల పాత వైద్యులు చెప్పారట. అందుకే పళ్లు కదులుతున్నాయని ఎవరైనా వస్తే లిన్ ముందు నడుము గురించి, మోకాళ్ల గురించి, చెవుల్లో హోరు గురించి అడిగేది. పై చిగురు కడుపు దారిలో ఉంటుందట, కింది చిగురు పెద్దపేగు దారిలో. ఒంట్లో బలం పారే దారులని వాళ్ల నమ్మకం. నేను నమ్మానా అంటే, లేదు. షుగరు ముదిరితే చిగుళ్లు పాడవుతాయని నాకూ తెలుసు, దానికి ఏ దారులూ గీయక్కర్లేదు. కానీ ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఆవిడ అన్ని ప్రశ్నలు అడగడం నాకు నచ్చేది. మా డెంటిస్టులకు తొందరెక్కువ. నోరు తెరిపించామంటే ఇక రోగి మాట్లాడే వీలుండదు.

మా యజమానికి మాత్రం ఈ విద్యలో వ్యాపారం కనబడింది. వెయిటింగ్ హాల్లో నిలువెత్తు పటం ఒకటి తగిలించాడు. అందులో ఒక్కో పంటి నుంచి ఒక్కో అవయవానికి ఒక్కో రంగు గీత. మీ పంటిలోనే మీ ఒళ్లంతా ఉంది అని కింద అరబిక్‌లో రాయించాడు. పంటి కోసం వచ్చినవాళ్లకు కాలేయానికీ గుండెకూ కలిపి సూదుల ప్యాకేజీ అంటగట్టడం ఉద్దేశం. రిసెప్షన్ అమ్మాయిలకు ఆ పాఠం కంఠతా వచ్చు. ఇట్లాంటి పటం మా పాత పుస్తకాల్లో ఎక్కడా లేదని లిన్ విసుక్కునేది. మేమిద్దరం డైరెక్టరుకు చెప్పాం. ఆయన నవ్వి, పటం వల్ల ఎవరి ప్రాణం పోతుంది అన్నాడు.

డిసెంబరులో ఒక ఉదయం ఉమ్ నాసర్ అనే కువైటీ ఆవిడ తన పనిమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. పనిమనిషి పేరు ఓబులమ్మ, రాయచోటి దగ్గర పల్లె, వయసు యాభైకి దగ్గర. డ్రైవరుతో పంపకుండా ఇంటావిడే స్వయంగా రావడం అక్కడ తరచుగా చూసే విషయం కాదు. ఆ రోజు లిఫ్టు చెడిపోయి ఇద్దరూ రెండంతస్తులు మెట్లెక్కారు. ఓబులమ్మ ఎడమ దవడ పట్టుకుని, నొప్పిని పంటి బిగువున ఆపుకుంటూ లోపలికొచ్చింది. నేను గ్లౌజులు తొడుక్కునేలోగా చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు లేదు డాక్టరమ్మా, పోయింది" అంది ఆశ్చర్యంగా.

పద్ధతి ప్రకారం అన్నీ చూశాను. అద్దం పిడితో ఒక్కో పన్నూ తట్టాను. పంటిలో చీము పట్టి ఉంటే ఆ దెబ్బకే రోగి ఎగిరిపడాలి. దూదిని చల్లబరిచి ఆనించాను. పన్ను బతికి ఉంటే జిల్లుమని, వెంటనే సర్దుకోవాలి. సరిగ్గా అట్లాగే అయింది. ఎక్స్‌రే తీస్తే వేర్ల కింద ఎముక శుభ్రంగా ఉంది. చిగురు గట్టిగా ఉంది. ఆ దవడలో నొప్పి పుట్టించే పన్ను ఒక్కటీ లేదు. ఎప్పుడొస్తుంది నొప్పి అని అడిగాను. బట్టలు ఉతికే గది మిద్దె మీద ఉందనీ, తడి బట్టల బుట్టలతో మూడంతస్తులు ఎక్కేటప్పుడు వస్తుందనీ, పైన కాసేపు కూలబడితే పోతుందనీ చెప్పింది. నాకు అనుమానం గట్టిపడింది. గుండెకు రక్తం చాలనప్పుడు కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఛాతీలో కాక దవడలో నొప్పి రావచ్చునని మేం చదువుకున్నదే. అయినా ఇంకో మనిషి చూస్తే మంచిదని లిన్‌ను పిలిచాను.

లిన్ నాడి పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. నాలుక పైకెత్తమని కింది నరాలు చూసింది, నల్లగా ఉబ్బి ఉన్నాయి. తర్వాత నన్నొక ప్రశ్న అడగమంది. నొప్పి వచ్చినప్పుడు చేతిలోకి దిగుతుందా, దిగితే ఏ వేలి దాకా?

"చిటికెనేలి దాకా జివ్వుమంటాదమ్మా. బట్టలు మోసినందుకేమో అనుకున్యా" అంది ఓబులమ్మ.

వాళ్ల లెక్కలో చిటికెన వేలి నుంచి భుజం మీదుగా చెంప దాకా పోయే దారి గుండెకు జంటగా ఉండే చిన్నపేగుది. మా లెక్కలో గుండె నొప్పి పాకే చోటు అదే. లిన్ తన సూదుల డబ్బా తెరవలేదు. ఇది నా పని కాదు, గుండె పరీక్ష, ఈ రోజే, అని మాత్రం అంది. మా దగ్గర ఈసీజీ యంత్రం లేదు.

ఓబులమ్మకు తెలుగులో విడమరిచి చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"గుండె మాట మామాకు చెప్పొద్దమ్మా. రోగిష్టిదని మక్తబ్‌లో దింపేస్తాది, ఆడ్నుంచి ఇంటికే. నా కూతురి నర్సింగ్ సదువు ఇంగో ఏడాది ఉండాది. నీకు పున్నెముంటాది, ఆ పన్ను పీకెయ్, ఖలాస్."

మామా అంటే అక్కడ ఇంటి యజమానురాలు, మక్తబ్ అంటే పనిమనుషులను తెప్పించే ఏజెన్సీ ఆఫీసు. అక్కడికి తిరిగి పోవడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. అయినా మంచి పన్ను పీకనన్నాను. జబ్బు పేరు చెప్పను, పరీక్ష మాత్రం చేయించాల్సిందేనన్నాను. ఆమె తల ఊపింది.

బయట కూర్చున్న ఉమ్ నాసర్‌తో నాకొచ్చిన అరబిక్‌లో చెప్పాను. పళ్లన్నీ బాగున్నాయి, నొప్పి పంటిది కాదు, ఇక్కడి నుంచి నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి, ఆలస్యం చేయొద్దు. రెఫరల్ కాగితం చేతికిచ్చాను. ఆవిడ నన్ను చూసింది, నా వెనక నిలబడిన లిన్‌ను చూసింది, గోడ మీది పటం వైపు గడ్డం ఎత్తింది.

"పన్ను కోసం వస్తే గుండె పరీక్షా, దుక్తోరా? ఆ బొమ్మ నేనూ చదివాను. రిసెప్షన్‌లో మీ అమ్మాయి నా మోకాళ్లకు కూడా సూదులు చెప్పింది."

నేను పంపేది మా దగ్గరికి కాదనీ, ప్రభుత్వాసుపత్రికనీ, అక్కడ మాకొచ్చేదేమీ లేదనీ చెప్పాను. ఇన్షా అల్లా అంటూ కాగితం బ్యాగులో పడేసుకుంది. నాన్నా పులి కథలో లాగా, ఎప్పుడూ అబద్ధం చెప్పే చోట నిలబడి నేను ఒక నిజం చెప్పాను. ఆవిడ స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదేమో.

అటు నుంచి అటే ఇంకో క్లినిక్‌కు వెళ్లి ఎడమ దవడ పన్ను ఒకటి పీకించేశారు. ఈ సంగతి వారం తర్వాత, ఆ ఇంటి పిల్లవాడిని పంటి సిమెంటు పెట్టించడానికి ఓబులమ్మే తీసుకొచ్చినప్పుడు తెలిసింది. నన్ను చూడగానే నోరంతా తెరిచి ఖాళీ చూపించింది.

"చూడు డాక్టరమ్మా, పన్నే! నొప్పి యాడుందో కూడా తెల్లేదు. నువ్వూ ఆ చీనా ఆమె నన్ను ఊరికే బెదరగొట్టినారు."

పీకినప్పటి నుంచి మిద్దె ఎక్కావా అని అడిగాను.

"యాడమ్మా! నెత్తురు కారతాదని మామా నన్ను కింద్నే కూచోమన్యాది. బట్టల పనంతా ఇప్పుడు ఫిలిప్పీన్ పిల్లదే. మేము పని చేసే ఇండ్లల్లో మాకెవురికైనా పన్ను పీకినప్పుడే కదా కూచునేది. తలనొప్పి, నడుమునొప్పి అంటే యల్లా యల్లా, కానీ కానీ అంటారు. నోట్లో దూది కనిపిస్తే నమ్ముతారు."

నొప్పి పోయింది పన్ను పోయినందుకు కాదు, మెట్లు పోయినందుకు. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగాయి. చూసిన వాళ్లందరూ కాకి వల్లే పడిందన్నారు. ఈ మాట ఆమెకు రెండు మూడు రకాలుగా చెప్పాను. మళ్లీ మెట్లెక్కితే నొప్పి వస్తుంది, వచ్చిన రోజే ఆసుపత్రికి పో అన్నాను. కావాలంటే మామాతో నేను మాట్లాడతానన్నాను. వద్దమ్మా, నొప్పే లేకుంటే పరీచ్చ ఎందుకు అని నవ్వింది. ఆమె అంత తేలిగ్గా నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ నవ్వు ముందు నా చదువు ఎందుకూ పనికిరాలేదు. ఆమె వెళ్లాక ఉమ్ నాసర్‌కు ఫోన్ చేయించాను. పన్నే కదా దుక్తోరా, మీరే పొరబడ్డారు అని, కోపం లేకుండానే, పెట్టేసింది.

చలికాలంలో ఆ కుటుంబం వారాంతాలు కబ్ద్ ఎడారిలోని తమ పశువుల దొడ్డి దగ్గర గడిపేది. జనవరిలో ఒక శనివారం అక్కడి నుంచి ఉమ్ నాసర్ రిసెప్షన్‌కు ఫోన్ చేసింది. ఓబులమ్మకు పక్క పన్ను కూడా మొదలైంది, నీళ్ల డబ్బాలు మోస్తుంటే నిన్నటి నుంచి పట్టుకుంటోంది, ఆదివారం పొద్దున పీకడానికి టైమ్ కావాలి అంది. నాకు ఆ శనివారం సెలవు. రిసెప్షన్ అమ్మాయి టైమ్ ఇచ్చింది. పన్ను నొప్పికి ఇంకేం అడుగుతారు?

ఆదివారం ఉమ్ నాసర్ ఒక్కతే వచ్చింది. శనివారం సాయంత్రం మేతమోపు ఎత్తబోయి ఓబులమ్మ అట్లాగే కూలిపోయిందట. అంబులెన్సు ఆ ఇసుక దారి వెతుక్కుని వచ్చేలోగా అయిపోయిందట. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి.

"పొద్దున లవంగం అడిగింది, నేనే ఇచ్చాను. పంటి నొప్పికి ఎవరైనా చచ్చిపోతారా? గుండె అని నువ్వు గట్టిగా చెప్పలేదు."

చెప్పానని అనగలిగేదాన్ని. ఈసీజీ అన్నదీ నేనే, జబ్బు పేరు మింగేసింది కూడా నేనే, ఓబులమ్మకు ఇచ్చిన మాట కోసం. ఆ మాట నిలబెట్టుకున్నందుకు ఆమె ఉద్యోగం మాత్రం ఆఖరి రోజు దాకా నిలిచింది. కోపం ముంచుకొచ్చింది, కానీ ఎదురుగా ఏడుస్తున్న మనిషి మీద చూపించేంత చిన్న కోపం కాదది. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం లిన్‌కు చెప్పాను. ఆ వేసవిలో కాంట్రాక్టు ముగియగానే ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోయింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఇంకొన్నేళ్లు పళ్లు చూశాను. చైనా దారుల మీద నాకు నమ్మకం కుదరలేదు, కానీ ఆ దారి వెంట వచ్చిన ప్రశ్న సరైనదే. పన్ను పీకాక నొప్పి పోయిందని రోగి చెప్తే, ఆ రోజుల్లో ఏం పని చేశావని అడగకుండా దాన్ని నా ఘనతగా లెక్క వేసుకోకూడదని నేర్చుకున్నాను. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు వచ్చి పన్ను పీకమన్నప్పుడు, పరీక్షకు ముందే ఇంకో మాట అడగడం మొదలుపెట్టాను. పన్ను పీకకుండానే నాలుగు రోజులు కూర్చోబెట్టమని చీటీ రాసిస్తే, అప్పుడు కూడా పీకమంటావా? వాళ్లలో ఎక్కువమంది అక్కర్లేదనేవారు.