విరుగుడు వేయని సీసాలు

ఆ వీధిలో ఆమెను అందరూ సీసాలమ్మ అంటారు. నీటి పరీక్షశాలలో కాంట్రాక్టు ఉద్యోగం. భుజాన ఐసు పెట్టె, అందులో మూతికి రేకు చుట్టిన గాజు సీసాలు. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, మంట చూపించి, కాసేపు నీళ్లు వదిలి, అప్పుడు సీసాలో నీళ్లు పడుతుంది. తీసిన మూత ఎక్కడా పెట్టదు, చిటికెన వేలి సందులో ఇరికించుకుంటుంది.

అదే వీధిలో ఆమె అక్క కాపురం. బావ గుమ్మంలోంచే మొదలుపెట్టేవాడు.

"ఏం మరదలా, కుళాయికి చుట్ట ముట్టిస్తున్నావా?"

"ముందు నీ నోటికి చూపించాలి బావా ఈ మంట. క్రిములన్నీ అక్కడే ఉన్నాయి."

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు.

ఆ వీధిలో మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం ఒకే గోతిలో పడుకుని ఉంటాయి. రెండూ తాతల నాటివి. వాన పడితే కుళాయి నీళ్లు ముక్కు దగ్గర పెట్టుకోలేం. అందుకే ఆడవాళ్లు నీళ్లు కాచుకునేవారు. నమూనాలు తీయడం మొదలుపెట్టాక, ఫలితం వచ్చిన ప్రతిసారీ సీసాలమ్మే వచ్చి చెప్పేది: "క్రిములు లేవు. వాసన వేరు, జబ్బు వేరు. తాగొచ్చు." ఆఫీసు నోటీసును నమ్మనివాళ్లు కూడా ఆమె మాట నమ్మారు. తమ ఇంటి ఆడపిల్ల లాంటిది మరి. ఒక్కొక్కరే కాచడం మానేశారు. బావైతే పంతానికి అందరి ముందూ కుళాయి కింద దోసిలి పట్టి తాగేవాడు. "మా మరదలు హామీ!"

తర్వాత బావ కళ్లు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి. పక్కింట్లో ఇద్దరికి అదే కామెర్లు. అక్క చెల్లెల్ని ఏమీ అనలేదు. మంచం పక్కన కూర్చుని, "నీళ్లు బాగానే ఉన్నాయి కదే?" అని మాత్రం అడిగింది.

"బాగానే ఉన్నాయక్కా," అంది సీసాలమ్మ. ఆ రోజు ఉదయం వచ్చిన ఫలితం కూడా అదే చెప్పింది.

ఆ సీసాలు సిద్ధం చేసేది పిన్ని. సొంత పిన్ని, అమ్మకు చెల్లెలు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ, పని నేర్పిందీ ఆవిడే. మోకాళ్ల నొప్పితో పిన్ని సెలవు పెట్టినప్పుడు సీసాలమ్మ తనే సీసాలు కడిగింది. పిన్ని మొదట్లో నేర్పినట్టే, ఆవిరి యంత్రంలో పెట్టేముందు ఒక్కో సీసాలో విరుగుడు చుక్క వేసింది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. సీసాలో పడ్డాక కూడా అది పని మానదు. పెట్టె పరీక్షశాలకు చేరేలోగా క్రిములను చంపేస్తుంది. అప్పుడు పరీక్షకు దొరికేది జనం తాగిన నీళ్లు కాదు, దారిలో శుభ్రపడ్డ నీళ్లు. ఆ చుక్క క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపుతుంది.

ఆ సీసాల్లో పట్టిన నీళ్లను పరీక్షకు పెడితే, మర్నాడు గాజు పళ్లాల నిండా క్రిముల మచ్చలు.

పరీక్షశాల అధికారి పళ్లెం వంక చూడనేలేదు. "మీ చెయ్యి తగిలుంటుంది. మీ పిన్ని వచ్చాక ఆవిడ సీసాలతోనే తెండి."

సీసాలమ్మ బీరువాలో మిగిలిన పిన్ని సీసా ఒకటి, తన సీసా ఒకటి తీసుకుని, ఒకే కుళాయి దగ్గర వెంట వెంటనే నీళ్లు పట్టింది. మర్నాటికి తన పళ్లెంలో మచ్చలు. పిన్ని పళ్లెం కడిగిన ముత్యం.

సీసాలమ్మ పిన్ని ఇంటికి వెళ్లింది. కాలికి నూనె రాసుకుంటున్న పిన్ని లేచి తలుపు తీసింది.

"సీసాల్లో చుక్క వెయ్యట్లేదా పిన్నీ?"

"రావడం రావడమే ఏంటే? కూర్చో."

"వేస్తున్నావా, లేదా?"

"అధికారి వద్దన్నారు," అంది పిన్ని. "మచ్చలొస్తే గొట్టాలు మార్చాలట. మచ్చలు తెచ్చేవాళ్ల కాంట్రాక్టు రద్దట. ఎవరిది? నీదేగా! నీ కడుపులో చల్ల కదలకుండా చూశాను. అదీ తప్పేనా?"

"మరి బావ?"

"బయటి తిండి తినుంటాడు."

"బావను చూడ్డానికి వచ్చినప్పుడు నీ సంచిలో నీళ్ల సీసా ఉంది. అక్క గ్లాసు ఇస్తే గొంతు బాగోలేదన్నావు."

పిన్ని నూనె గిన్నె పక్కకు జరిపింది.

గొట్టాలు మార్చాలంటే వీధంతా తవ్వాలి. ఒక చుక్క మానేయడానికి ఏమీ తవ్వక్కర్లేదు, ఒక్క మనిషి చాలు. ఇలాంటి పనులకు పరాయివాళ్లను వెతకరు. మనం అనుమానించలేని చేతులనే వెతుకుతారు.

నీళ్లు వదిలే వేళకు సీసాలమ్మ కుళాయి దగ్గరికి వెళ్లింది. పెట్టె లేకుండా రావడం చూసి ఆడవాళ్లు దారి ఇచ్చారు.

"తాగకండి. కాచకుండా ఒక్క చుక్క కూడా తాగకండి. ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు."

"మొన్ననేగా బాగున్నాయన్నావు?" అంది ముందున్నావిడ.

"ఆ పరీక్ష దొంగది."

"మరి ఇవాళ్టిదో? రేపొచ్చి ఇంకోటంటావు. నీ మాట విని మా పెద్దాయన మంచమెక్కాడు, ఇప్పుడు దేన్ని నమ్మమంటావు తల్లీ?"

వరస కదిలింది. ఆవిడ బిందె నిండింది, చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. వెనకావిడ బిందె పెట్టింది.

అక్క వరసలోంచి బయటికొచ్చింది.

"దొంగ పరీక్షేంటే? ఎవరు చేశారు?"

కుళాయి చుట్టూ ఉన్నవాళ్లంతా ఆగారు. అధికారి అని ఊరుకుంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు.

"అధికారి చేయించాడు. చేసింది మన పిన్ని, అక్కా."

అక్క చేతిలో బిందె అలాగే ఉంది. "మొన్న మీ బావ కాళ్లు ఒత్తింది కదే," అంది మెల్లగా. "గంటసేపు ఒత్తింది."