దేవదూత బుగ్గ మీద దిష్టిచుక్క

మా రాజనర్సు బుర్రకెక్కని సంగతులు రెండు. ఒకటి, హోటలన్నాక బిర్యానీ పెట్టుకోక చర్చి వేషం ఎందుకు? రెండు, గోడ వంకరగా ఎందుకుండాలి? రెండూ నాకూ తెలియవు. రంగులేసే జగ్గారావుకి ఆ గొడవెందుకని నేను ఊరుకున్నాను. వాడు ఊరుకునే రకం కాదు.

వాడిది మెట్‌పల్లి పక్క పల్లె, ప్లాస్టర్ మేస్త్రీ. బహ్రెయిన్ వచ్చాక చాలాకాలం సిమెంటు బస్తాలే మోశాడు. అద్లియా పేటలో ఈ హోటలు పని మొదలయ్యాకే వాడి చేతికి మళ్ళీ తాపీ వచ్చింది. ఈ పని పోతే మళ్ళీ ఎండా, బస్తాలే.

"గిదేం పని జగ్గన్నా! ఇన్నేండ్లు తూకం గుండు పట్టి గోడ సక్కగ లేపమనిరి. గీడ పొట్ట ఉబ్బితెనే గోడనంట!"

డిజైనరు మేడం బొంబాయి ఆవిడ. ఫోనులో బొమ్మలు చూపిస్తూ హిందీలో చెప్పింది. బ్రెజిల్ కొండల్లో ఒక ఊరట. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడ బంగారం బయటపడింది. ఏలినవాళ్ళు పోర్చుగీసులు, తవ్వినవాళ్ళు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. ఆ బంగారంతో చర్చిలు కట్టారు. మెలితిరిగిన స్తంభాలు, మూలమూలనా దేవదూతలనే రెక్కల పిల్లలు, లోపలంతా బంగారు పూత. ఆ తీరును బరోక్ అంటారట, మా హోటలూ అలాగే ఉండాలట.

"తవ్వినవాళ్ళు కూడా అందులోనే మొక్కేవాళ్ళా మేడం?" అని రాజనర్సు అడిగాడు. వాళ్ళకు వేరే చర్చిలుండేవని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

ఇక చూడండి, నా బుర్ర తినేశాడు. "బంగారమేమో వాళ్ళు తవ్విరి, గుడేమో వీళ్ళదాయె. బొమ్మలేమో నేను జేస్తున్న, హోటలేమో అరబ్బుది. గిదంత ఎవ్వల్దన్నా?"

"నాకేటి తెల్సురా బాబూ! నీ పని నువ్వు సూసుకో."

రెక్కల పిల్లలందర్నీ ఫోటోల ప్రకారమే చేశాడు. గుమ్మం మీద పిల్ల మాత్రం వేరేగా వచ్చింది. చప్పిడి ముక్కు, పెద్ద చెవులు. చూడగానే పోల్చుకున్నాను. వాడి కూతురు కళ! కడుపులో ఉండగా వదిలొచ్చిన పిల్ల, వాడు ఇంతవరకూ ఫోనులో తప్ప చూడలేదు. నేను ఆ బుగ్గకు బంగారురంగు వేసి దిగానో లేదో, నా నల్లరంగు డబ్బాలో వేలు ముంచి చుక్క పెట్టేశాడు.

"తినేటోళ్ళ కండ్లన్నీ గీమె మీదనే పడ్తయన్నా."

ఓరి నీ దుంప తెగ! ఫోర్‌మన్ చూడనే చూశాడు. "ఆ మచ్చ గీకెయ్. లేకపోతే రేపట్నుంచి బస్తాల దగ్గరికి పో. ఖలాస్."

రాజనర్సు గీకే ఇనప పట్టీ ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. పిల్ల బుగ్గ మీద ఇనుము పెట్టడానికి చెయ్యి రాలేదు. "గీకితె బిడ్డకేమన్న అయితదేమో. గీకకుంటె పని పాయె. ఏం జెయ్యాలన్నా?" వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో హోటలు యజమాని వచ్చాడు. బహ్రెయినీ పెద్దాయన. చుక్కను చూసి, తన కంటి వైపు వేలు చూపించి, "దీనికేనా?" అన్నాడు వచ్చీరాని హిందీలో. రాజనర్సు తలూపాడు. ఆయన నవ్వాడు. "మా అమ్మకూ ఇదే భయం. ఉండనీ. మిగతా పిల్లలకూ పెట్టు, యల్లా, కానీ!"

హమ్మయ్య, పని నిలబడింది! నేను ఎగిరి గంతెయ్యబోయాను. వీడు మాత్రం నిచ్చెన మీద కదలడే!

"నా బిడ్డకు నేను పెట్టిన. గీళ్ళు ఎవల పిల్లలో ఏమో. నేనెట్ల పెడుదు?"

"బొమ్మలకి అమ్మాబాబులేట్రా!" అని కసిరాను.

వాడు ఆ ముఖాల్ని ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, వాళ్ళకు గూడ పిల్లలుండిరి గద?"

"ఎవులికిరా?"

"బంగారం తవ్వినోళ్ళకు."

నల్లరంగు డబ్బా మూత తీసి పైకి అందించాను.