ఈరవ్వ బిడ్డ గిటారు పట్టిన కథ

స్నేహలత సంగీతం మొదలుపెట్టిన రోజున, బోధన్‌లో ఏళ్ల తరబడి మూతపడి ఉన్న చక్కెర మిల్లు గొట్టంలోంచి పొగ వచ్చింది. నా కళ్లతో చూశాను. కాకపోతే అది గొట్టంలోంచే వచ్చిందా, వెనక పొలంలో ఎవరో చెరుకు చెత్త తగలబెట్టారా అని నిలదీస్తే, నేను అప్పుడు కొంచెం దూరంగా, కదులుతున్న బస్సులో ఉన్నానని ఒప్పుకోవాలి.

స్నేహలతది నిజామాబాద్‌లో మా పక్కిల్లు, నన్ను తాతా అని పిలుస్తుంది. తల్లి ఈరవ్వ ముప్పయ్యేళ్లుగా బీడీలు చేస్తోంది. ఆ పిల్ల మొదట్లో పాటలు పాడేది కాదు, చప్పుళ్లు పోగుచేసేది. మిల్లు రేకుల్లో గాలి ఊళ, చెరుకు లారీల గొలుసులు, బీడీలు చుట్టే తునికాకు కోసే కత్తెర, అన్నీ రికార్డు చేసి, సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చేది. హైదరాబాద్‌లో ఓ పదిహేను మంది కళ్లు మూసుకుని విని మెచ్చుకున్నారట. వాళ్లలో ఇద్దరైనా నిద్రపోయి ఉంటారు. ఆమె కోరిక మాత్రం ఒక్కటే: తన సంగీతం తన తల్లి చెవిన పడాలి.

అందుకని మా వీధి కమ్యూనిటీ హాలుకు బీడీలు చేసే ఆడవాళ్లందరినీ పిలిచింది. వాళ్లు ఆకూ పొగాకూ ఉన్న చాటలతో సహా వచ్చి, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, ఒట్టి చేతులతో కూర్చోవడం వాళ్లకు రాదు మరి. రికార్డు చేసిన కత్తెర చప్పుడు మొదలైంది. చూరులో పావురాలు లేచి నాందేడ్ దాకా పోయాయి. ఇరవయ్యో నిమిషంలో ఈరవ్వ చాట ఎత్తుకుని లేచింది.

"ఇంట్ల కత్తెర లేదా బిడ్డా? గిది ఇననీకి ఈడిదాంక రావాల్నా?"

మిగతావాళ్లూ ఆమె వెనకే నడిచారు. స్నేహలత మూడు వారాలు తల్లితో మాట్లాడలేదు. తర్వాత ఒక గిటారు కొంది, నితీష్ అనే కుర్రాణ్ణి డ్రమ్ముల మీద కూర్చోబెట్టింది, ఏ కాలేజీ వేదిక మీదైనా వినిపించే మామూలు రాక్ మొదలుపెట్టింది. బడి మానేసినాక మళ్లీ యూనిఫాం తొడుక్కున్నట్టుందని నా దగ్గర విసుక్కునేది.

పాట మాత్రం సూటిగా తగిలేది. మా వైపు బీడీల ఇళ్లలో సంబంధం మాట్లాడేటప్పుడు, పిల్ల ఏం చదివిందో తర్వాత, రోజుకెన్ని బీడీలు చేస్తుందో ముందు అడుగుతారు. ఆ ప్రశ్న మీదే కట్టింది:

"ఎన్ని చేస్తదని అడిగినోడా,
నీ చేతులేవి, జర సూపెట్టు!"

ఈసారి హాల్లో ఆడవాళ్లు లేవలేదు. కత్తెరలతో తాళం వేశారు. ఈరవ్వకు ఆ పాట ఎంత పట్టేసిందంటే, ఆకు కోస్తున్నా, దారం చుడుతున్నా అదే. బిడ్డ మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగు చూశాను.

నెల తిరగకుండా కొడుకు ధనుంజయ్‌కు పిల్లను చూడటానికి ఈరవ్వ మోస్రా అనే ఊరికి వెళ్లింది. స్నేహలతను వెంట తీసుకెళ్లింది. దారంతా ఆటోలో తల్లి ఆ పాటే పాడింది. అక్కడ చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, పిల్ల తల్లిని అడిగింది.

"పిల్ల రోజుకు ఎన్ని చేస్తది అక్కా?"

స్నేహలత బయటికి వచ్చేసి ఆటో పక్కన నిలబడింది. తిరుగు దారిలో తల్లిని అడిగిందట.

"అవ్వా, నువ్ పాడేది నీకు ఇనొస్తలేదా?"

"పాట మంచిగుంది బిడ్డా. ఎవలు గాదన్నరు? గని గది పాట, గిది సంబంధం."

ఆ రోజు నుంచి గిటారు గోడకే ఉంది. చప్పుళ్లు రికార్డు చేసే పెట్టె కూడా తెరవలేదు. ఏదో ఒకటి వాయించమంటే, దేనికి తాతా, ఎవరికి అని కసురుతుంది.

ఇదంతా రాసి ఆమెకే చదివి వినిపించాను. చివరిదాకా విని, కాగితాలు నా చేతిలోంచి లాక్కుంది.

"అవ్వ గా మాట అడగలే. మేం అసలు మోస్రాకే పోలే. దీంట్ల ఒక్క ముక్క గూడ నిజం గాదు, తాతా."