పోయిందన్న మా ఇంటి పత్రం

పోని పత్రాన్ని పోయిందని చెప్పి మా అమ్మను మూడు నెలలు ఏడిపించింది మా వీధిలోని వకీళ్ళ ఆఫీసు. రేపు కోర్టులో అది చూపకపోతే మా ఇల్లు పక్కింటాయనది అయిపోతుంది.

ఈ పొద్దు మిల్లుకు నాగా పెట్టి, అమ్మను తీసుకొని పోయి గుమాస్తా ముందర కూర్చున్నా.

"పత్రం యాడుంది మామా?"

"అది పెద్ద వకీలు కాలంది తంబీ. ఆయన తర్వాత ఫ్రెంచి దొర వచ్చె, దొర పోయినాక పెద్దాయన అల్లుడు వచ్చె. ఒకరి కాగితాల మూట ఇంకొకరు విప్పేది ఈడ మర్యాద కాదు."

"ఇల్లు పోతే మా అమ్మ మీ మర్యాద పరుచుకొని పండుకుంటాదా?"

ఆయన నిచ్చెనేసి, అటక మీంచి పెద్ద వకీలు ఎర్రగుడ్డ మూట దించినాడు. రెండో కాగితమే మాది! అమ్మ నేల మీదే కూలబడి నవ్వింది. నాకూ ఊపిరి తిరిగింది. కోపం మాత్రం తగ్గలా.

ముగ్గురు వకీళ్ళు మారినా ఒక్క ముడి విప్పలేదంటే ఏమనాలో మీరే చెప్పండి. నేను రాసిన ఈ కాగితం మిల్లు గేటుకు అంటిస్తున్నా, చదవను రానోళ్ళకు చదివి వినిపించండి.

అల్లుడు వకీలుగారూ, పాత మూటలన్నీ విప్పి, ఎవరెవరి పత్రాలున్నాయో పేర్లు రాసి వాకిట్లో పెట్టండి. శుక్రవారం పొద్దుగూకేలోగా జవాబు కావాలి.