మా మేనత్త అడిగి చూసిన మనిషి

పోయిన వారం గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతుంటే, హోటల్ టీవీలో ఏదో దూరదేశపు పార్లమెంటు భవనం ముందు సైనికులు నిలబడి కనిపించారు. అది ఏ దేశమో చదివేలోగా హోటలాయన క్రికెట్ పెట్టేశాడు. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చి, గ్లాసులో చాయ్ చల్లారిపోయింది.

అత్త మా ప్రాంతం నుంచి ఒక్కసారే పార్లమెంటుకు గెలిచింది. మామ బొగ్గుబావి కార్మికుడు. ఆమె కార్మికవాడల ఆడవాళ్ళను కూడగట్టి నీళ్ళ కోసం, దవాఖాన కోసం కొట్లాడి పైకొచ్చిన మనిషి. ఎంపీల బృందంలో ఆమెను విదేశానికి పంపుతున్నారని తెలిసినప్పుడు మా ఇంట్లో పెళ్ళి సందడే. అక్కడ చలి ఎక్కువని మామ నైట్ షిఫ్టుకు వేసుకునే స్వెటర్ ఇచ్చాడు. ఎన్నిసార్లు ఉతికినా దాని బొగ్గు వాసన పోలేదు. అత్త దాన్నే వేసుకుని విమానమెక్కింది.

ఆ దేశంలో సైన్యం పార్లమెంటును మూసేసి, గెలిచిన మెంబర్లను జైళ్ళలో పెట్టింది. వాళ్ళలో ఒకావిడ జబ్బుపడిందని, ఆమెను ఎవరికీ చూపించడం లేదని అత్త పేపర్లో చదివి వెళ్ళింది. అక్కడి మంత్రితో సమావేశంలో అందరూ వ్యాపారం గురించి, స్నేహం గురించి మాట్లాడారట. అత్త వంతు రాగానే తనకొచ్చిన హిందీలో, మాలాంటి మెంబరు ఒకామె మీ జైల్లో ఉంది, ఆమెను చూసి పోతాం అని అడిగేసింది. దుబాసీ కాసేపు తడబడ్డాడు. మంత్రి నవ్వి మాట మార్చాడు.

బృందానికి పెద్ద వేరే పార్టీ ఆయన, వయసులోనూ పెద్ద. హోటల్‌కు వచ్చాక అత్తను బాగా కోప్పడ్డాడు. పరాయి ఇంటి విషయంలో వేలు పెట్టడం మర్యాద కాదన్నాడు. కానీ తెల్లవారి టిఫిన్ దగ్గర ఆయనే వచ్చి కూర్చుని, అడిగింది ఎలాగూ అడిగాం కాబట్టి ఇక అందరం కలిసి అడుగుదామన్నాడు. ఆమెను చూపించకపోతే వీడ్కోలు విందుకు రాలేమని ఆయనే మంత్రికి కబురు పంపాడు. అత్త ఆ తర్వాత ఆయన్ను ఎప్పుడు తలచుకున్నా "పెద్దాయన" అనే అనేది.

చివరికి జైలు ఆస్పత్రిలో కాసేపు చూడనిచ్చారు. ఆవిడ బాగా చిక్కిపోయి ఉంది. తన బాగోగులు చెప్పుకోలేదు. మా సంగతి బయట ఎవరికైనా తెలుసా అని మాత్రం అడిగింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని, మా ఊళ్ళో అందరికీ తెలుసు అని చెప్పింది.

"ఊకె అన్నవా అత్తా?" అని నేను తర్వాత అడిగాను.

"అప్పటికి అబద్ధమే బిడ్డా. గట్లనే ఉంచుతమా మరి?" అంది.

తిరిగొచ్చాక ఢిల్లీలో ఆమె గురించి సభలో మాట్లాడింది. ఇక్కడికొచ్చి బావుల దగ్గర గేటు మీటింగుల్లో చెప్పింది. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్ట్ గని దగ్గర ఒక కార్మికుడు లేచి, "మా క్వార్టర్లల్ల నీళ్ళు వస్తలేవు, గా దేశం ముచ్చట మనకెందుకక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు, అత్త కూడా నవ్వింది.

"నీళ్ళ కోసం మనం గేటు కాడ కూసుంటే జైల్ల ఏస్తున్నరా తమ్మీ? ఆడ ఏస్తున్నరు," అంది.

ఆ తర్వాతి మీటింగులో, ఆ జైల్ల ఉన్నామె ఎట్లుంది అని అడిగింది ఆ కార్మికుడే. అప్పటికి బయటి డాక్టర్‌ను ఆమె దగ్గరికి రానిస్తున్నారని కబురొచ్చింది. పార్లమెంటు తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో అత్త ఓడిపోయింది. ఊరి నీళ్ళు వదిలి దేశాలు పట్టుకు తిరిగిందని ప్రచారం చేశారు. ఆమె మళ్ళీ వాడల్లో తిరగడం మొదలుపెట్టింది. ఆ ఖైదీని విడుదల చేశారన్న వార్త పేపర్లో ఓ మూల చిన్నగా వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, "బయటికొచ్చిందట బిడ్డా" అంది.

అత్త పోయి కొన్నేళ్ళయింది. ఆ ఎన్నికలో ఎవరు ఎన్ని ఓట్లతో గెలిచారో ఇప్పుడు మా ఇంట్లో కూడా ఎవరికీ గుర్తు లేదు. ఒక ఆడమనిషి మరో ఆడమనిషి చెయ్యి పట్టుకున్న ఆ కాసేపటిని మాత్రం కాలం ఇంకా మా దగ్గరే ఉంచింది.