స్కోపు మీద మొలిచిన గడ్డి

రెండువేల మూడుల నాకు కోదాడ పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీల కొలువొచ్చింది. అంతకు ముందు మిర్యాలగూడల ఉండేటోళ్లం. మా ఆయన రైసుమిల్లుల హమాలి. లారీకి ఎత్తేటప్పుడు, ఎత్తుగ పేర్చిన బస్తాల నిట్టు కూలి మీదబడి పోయిండు. మిల్లు షావుకారి మాట మీద కాలేజోళ్లు నన్ను ముందుగాల ఊడ్సే పనికి తీసుకున్నరు. తర్వాత ఎలక్ట్రానిక్స్ ల్యాబుకు అటెండరును చేసిండ్రు. రెండువేల పద్నాలుగుల దిగిపోయిన. సదువు నాకు సంతకం దాకనే. నేను చెప్తాంటే నా కోడలు రాస్తున్నది. ఇప్పుడు చెప్పేది రెండువేల తొమ్మిది దసరా నాటి ముచ్చట.

ల్యాబుల ఎవరి వరుస వాళ్లకుంటది. అందరికి పైన హెచ్చోడీ సారు, అంటే ఆ శాఖకు పెద్ద. ఆయన కింద ప్రొఫెసర్లు, లెక్చరర్లు, వాళ్ల కింద టెక్నీషియను. అందరికన్న కింద అటెండరు. మిషను మూత విప్పాలంటే టెక్నీషియను విప్పాలె, అటెండరు ముట్టొద్దు. తాళాలు, దుమ్ము, స్పిరిటు సీసా, ఇవి అటెండరువి. స్పిరిటంటే బోర్డు మీద అతుకులు పెట్టినంక మిగిలే జిగురును కడిగే మందు. దాన్ని ఎట్ల వాడాలో నాకు రాధిక మేడం నేర్పింది. బోర్డును అంచులు పట్టుకొనే ఎత్తాలె, నడుమ వేలు తగలొద్దు. బ్రష్షును స్పిరిటుల ముంచి ఒకదిక్కే గియ్యాలె. ఆరకముందే గుడ్డతోని అద్దాలె, రుద్దొద్దు. మనిషి వేలికి ఎప్పుడూ ఇంత సెమట, ఇంత నూనె ఉంటదని, కంటికి కనబడకున్నా కరెంటుకు కనబడతదని చెప్పేది.

రాధిక మేడందీ మిర్యాలగూడనే. పొద్దున బస్సెక్కి వచ్చేది, సాయంత్రం పోయేది. మిల్లుల పొట్టు వాసన తెల్సిన మనిషి కాబట్టి నాతోని మాట కలిసింది. ఆమె చేస్తున్న పని వెలుగు మీద మాట పంపుడు. తీగె లేదు, టవరు లేదు. ఒక కొసకు లేజరు, అంటే సూదిలెక్క చెదరకుండ పోయే ఎర్రటి వెలుగు. దాని ముందర మాట్లాడితే ఆ మాటకు తగ్గట్టు వెలుగు ఎక్కువ తక్కువ అయితది. రెండో కొసకు రిసీవరు డబ్బ. అండ్ల చిన్న గింజంత డయోడు వెలుగును పట్టి కరెంటు చేస్తది, ఆ కరెంటును పెంచి స్పీకరుకిస్తే మాట వినబడతది. పొలాల అవతల బాయ్స్ హాస్టలు డాబా మీద లేజరు, ఇవతల మా ల్యాబు కిటికీల డబ్బ.

మాట పంపుడు వింతేం కాదని మేడమే చెప్పింది. వింతంత డబ్బల ఉన్నది. దూరం పెరిగిన కొద్దీ అందే వెలుగు పిడికెడు కూడ ఉండదు. దాన్ని పెంచపోతే డబ్బ తన సొంత సప్పుడును కూడ పెంచుతది. ఆ సప్పుడునే నాయిస్ అంటరు. "పెండ్లి బ్యాండు పక్కన నిలబడి చెవుల మాట చెప్తే వినబడతదా సైదమ్మా? ముందు బ్యాండును ఆపాలె," అనేది. బ్యాండును ఆపే డబ్బ ఆమె కనిపెట్టింది. స్కోపు అని ఒక తెర ఉంటది, అండ్ల పచ్చటి గీత నడుస్తది. డబ్బ మంచిగుంటే గీత వెంట్రుకంత సన్నగుంటది. నాయిస్ ఉంటే గీత మీద గడ్డి మొలిచినట్టయితది. మేడం డబ్బకు గీత సన్నగ వచ్చిన నాడు ఆమె నన్ను కావలించుకున్నది. హెచ్చోడీ సారు కుర్చీల కూసొని సప్పట్లు కొట్టిండు.

దసరా సెలవులకు ముందురోజు ల్యాబుల ఆయుధపూజ చేస్తరు. నేను గచ్చు కడిగి, బంతిపూలు గుచ్చి, మిషన్లన్నిటికీ దండలేసిన. పూజ టైముకు వరండలకొచ్చి నిలబడ్డ. నిలబడమని ఎవరూ చెప్పలే, వద్దనీ ఎవరూ చెప్పలే. సారు జగ్గయ్యపేట మనిషి, భక్తిపరుడు. లారీకి పూజ చేసేటప్పుడు బానెట్టు ఎత్తి ఇంజనుకు బొట్టు పెడ్తరు కద, అట్లనే ఆయన మేడం డబ్బ మూత తీయించి, గుండె లోపలుంటుందమ్మా అని, పచ్చటి బోర్డుకే పసుపు కుంకుమ తడిపి బొట్టు పెట్టిండట. మేడం కూడ దండం పెట్టింది.

సెలవులు అయిపోయి వచ్చేసరికి గీత మీద గడ్డి మొలిచింది.

అప్పుడే హైదరాబాదు నుంచి కమిటీ వస్తదని కబురు. వాళ్లు చూసి బాగుందంటే మేడం పని ఇంకా నడుస్తది, డబ్బ పెట్టిన రూము ఆమెకుంటది. బాగలేదంటే రూము కంప్యూటర్లకు పోతది, డబ్బ అటకెక్కుతది. మేడంకు అప్పటికి ఏడో నెల. ఆమె కాన్పు సెలవు మీద పోతే ఆ డబ్బ గురించి అడిగేటోళ్లే ఉండరు. ఈ కమిటీతోనే తేలాలె.

ఎవరికి తోచింది వాళ్లు చెప్పిండ్రు. హైవే మీద లారీల అదురుకు లేజరు కదులుతుందని సారు. పొలాల మీద మంచు వెలుగును మింగుతున్నదని టెక్నీషియను. పొద్దున గడ్డి మస్తుండేది, మధ్యాహ్నానికి పలుచబడేది, కాబట్టి మంచు మాటనే నిజమనిపించింది. మేడం మాత్రం అటు పోలే. డబ్బ ముందరి అద్దానికి నల్లటి మూత పెట్టింది. "వెలుగే లోపలికి పోతలేదు. ఇప్పుడు కూడ సప్పుడొస్తే అది లారీది కాదు, మంచుది కాదు, డబ్బదే," అన్నది. మూత పెట్టినా గడ్డి అట్లనే ఉన్నది. స్పీకరుల పెనం మీద పోపేసినట్టు చిటపట.

మేడం అతుకులన్నీ మళ్ల పెట్టింది. బ్యాటరీలు మార్చింది. కాళ్లు వాచినయి, అయినా స్టూలు దిగలే. నేను డబ్బల పెరుగన్నం తెచ్చి ముందర పెడ్తే, "ఇది పోయినంక తింట," అన్నది. "అది పోవుడు తర్వాత, ముందు లోపలోడు తినాలె కద," అన్న. నవ్వి తిన్నది, కండ్లల్ల నీళ్లున్నయి.

కమిటీ రేపనంగ నన్ను పిలిచి, గర్ల్స్ హాస్టలు నుంచి జుట్టు ఆరబెట్టుకునే మిషను అడిగి తెమ్మన్నది. హాస్టలు పిల్లలు, "ఏంది సైదమ్మా, తలంటుకున్నవా? సినిమాకా?" అని ఒకటే నవ్వుడు. "అవునే, మీ మేడంను పెండ్లికూతురు చేస్తున్న," అని తెచ్చిన.

డబ్బ మూత తీసి, మేడం ఆ మిషనుతోని బోర్డు మీద ఒక్కొక్క మూలకు వేడిగాలి కొట్టుకుంట పోయింది. స్కోపు చూసుడు నా వంతు.

"గడ్డి ఉన్నదా?"

"ఉన్నది మేడం."

"ఇప్పుడు?"

"ఉన్నది... ఆగు, పోయింది! పోయింది మేడం!"

గాలి ఆపింది. చల్లారంగనే మళ్ల మొలిచింది. అదే మూలకు గాలి కొడితే మళ్ల పోయింది. మేడం వంగి చూసింది.

"సైదమ్మా, ఇక్కడేమన్న కనబడుతున్నదా?"

"ఏం లేదు మేడం. బొట్టున్నది."

"బొట్టు కాకుండ?"

"ఏం లేదు."

ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఆ బొట్టును మేం రోజూ చూస్తున్నం. టెక్నీషియను చూసిండు, సారు చూసిండు. దుమ్ము రేణువును వెతికినోళ్లం బొట్టును వదిలేసినం. బొట్టు మరకని ఎవరి మనసుకూ తోచలే.

మేడం విడమరిచి చెప్పింది. ఆ బొట్టు కింద గాజు రెసిస్టరు ఉన్నది. రెసిస్టరంటే కరెంటును అడ్డుకునే కట్ట. ఇది చానా గట్టి కట్ట, చుక్క చుక్కనే వదులుతది. దాని మీద కుంకుమ పడ్డది. కుంకుమ పొద్దటి తడిని పట్టుకుంటది, ఆ తడిల నుంచి కరెంటు దొంగదారి పడుతది. సాగర్ కాలువ కట్టకు ఎలుక బొక్క పెట్టినట్టు. ఎండ పొద్దుకు తడారితే గడ్డి పలుచబడేది అందుకే.

అప్పుడే సారొచ్చిండు. మేడం సంగతి చెప్పింది. ఆయన మొఖం చిన్నబోయింది. "నా చేత్తో పెట్టిన బొట్టమ్మా అది. కమిటీ వచ్చే ముందు దాన్ని తుడిపేయమంటావా?" అన్నడు. కోపం కాదు, భయం.

మేడం స్పిరిటు అద్దిన బ్రష్షు పట్టుకున్నది. చెయ్యి బోర్డు దాక పోయి ఆగింది. ఆమెకు శ్రీమంతం అయి ఎన్నో రోజులు కాలే, చేతులకు గాజులు నిండుగున్నయి. "నాకు అన్నీ తెలుసు సార్. కాని చెయ్యి పోతలేదు," అన్నది.

"నువ్వెందుకులేమ్మా. సైదమ్మ ఉంది కదా, ఆమె తుడుస్తుంది," అన్నడు సారు.

ఆ మాట ఆయన తేలికగనే అన్నడు. నాకు వాడపల్లి రేవు యాదికొచ్చింది. పదోనాడు అక్కడ, మూసీ కృష్ణల కలిసే కాడ, నా బొట్టు తీసిండ్రు. తీసిన చెయ్యి కూడ నాలెక్క మొగడు పోయినదే. ఎవరి పని వాళ్లకు పెట్టిండ్రు లోకంల.

"సార్," అన్న, "నన్ను మొగడు సచ్చినదాన్నని తుడవమంటున్నరా, అటెండరునని తుడవమంటున్నరా?"

మేడం నా చెయ్యి పట్టుకొని, "వద్దు సైదమ్మా, నేనే చేస్త, నేను చేసుకున్న డబ్బ," అన్నది. సారు కండ్లద్దాలు తీసి, మళ్ల పెట్టుకున్నడు. "తప్పుగా అన్నానమ్మా. అటెండరువి. ఆ పని నీ అంత శుభ్రంగా ఇక్కడ ఎవరూ చెయ్యరు, అందుకని."

"అట్లయితే నాదే. జరుగుండ్రి," అన్న. మేడంతోని, "బిడ్డా, నువ్వు గాలి కొట్టు," అన్న.

బోర్డు అంచులు పట్టుకున్న. కుంకుమ తొందరగ వచ్చింది. పసుపు మొండిది, గాజు మీద పచ్చగ పాకింది. బ్రష్షు ఒకదిక్కే గీస్తూ, గుడ్డతోని అద్దుకుంట, పసుపు పోయేదాక కడిగిన. చివరికి గుడ్డ తెల్లగనే తిరిగొచ్చింది. నేను తుడిచిన గుడ్డముక్కలను చెత్తబుట్టల వెయ్యబోతే సారు ఆపిండు. చెయ్యి చాపి తీసుకొని, కాయితంల చుట్టి జేబుల పెట్టుకున్నడు. ఇంటికి పోయేటప్పుడు కాలువల కలుపుతానన్నడు. అది నాకు నచ్చింది.

తెల్లారి మంచు మస్తు పడ్డది. కమిటీల ముగ్గురొచ్చిండ్రు, అండ్ల ఒక పెద్దమనిషి ఏం మాట్లాడకుండ స్కోపు ముందరే నిలబడ్డడు. మేడం నల్లమూత పెట్టింది. గీత వెంట్రుకంత సన్నగ. మూత తీసింది. టెక్నీషియను ఫోను చేస్తే, అవతల హాస్టలు డాబా మీద సారు మైకు పట్టుకున్నడు. ఇంగ్లీషుల ఏందో రాసుకపోయిండు, కాని ముందు స్పీకరుల వచ్చింది ఇది: "సైదమ్మా, అతిథులకి టీ ఇచ్చావా?"

పక్కనే నిలబడి అడిగినట్టున్నది. పెద్దమనిషి నవ్వి, "సైదమ్మ ఎవరు?" అన్నడు. "ఇచ్చిన సార్!" అని నేను స్పీకరుకే జవాబు చెప్పిన. దాని నుంచి మాట అటు పోదని తర్వాత మేడం చెప్పింది. కమిటీ సాయంత్రం దాక ఉండి, దూరం పెంచి చూడమని, పని ఆపొద్దని చెప్పిపోయింది. రూము మాకే ఉన్నది. మేడంకు ఆడపిల్ల పుట్టింది. సెలవు నుంచి వచ్చినంక ఆ డబ్బతోని మాటను కోదాడ దిక్కు ధాన్యం గోదాము దాక నడిపించింది.

ఆ పనిల నేను తెలుసుకున్నది చెప్త. సన్నటి సప్పుడును వినే మిషనుకు మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అని లేదు. ముట్టుకున్న చెయ్యి, ముట్టుకోని చెయ్యి అంతే. ముట్టుకున్నోళ్లు ముట్టుకున్నమని చెప్పాలె. బొట్టు పెట్టుడు సుత ముట్టుకునుడే. ఆ తర్వాత దసరాలకు డబ్బ మూత తియ్యలే. బొట్టు మూత మీదనే పెట్టిండ్రు.