జర్మనీ కెమెరా మొరాయించిన పెళ్లి

నేను ఫొటోలు తీయడం నేర్చుకున్నది జగిత్యాలలో ఒక చిన్న స్టూడియోలో. దాని యజమానిని సారు అనేదాన్ని. ఆయన దగ్గర ఒక జర్మనీ కెమెరా ఉండేది. దానికి చుట్టినంత మెత్తటి గుడ్డ ఇంట్లో పసిపిల్లలకు కూడా చుట్టి ఉండరు. అప్పటికే ఊళ్లో అందరూ జపాన్ కెమెరాలకు మారిపోయారు.

"గవి ఆటబొమ్మలు బిడ్డా. జర్మనోనిది ఇనుము" అనేవాడు సారు. జర్మనీలో చాలా కెమెరా కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

కోరుట్లలో ఒక పెళ్లికి ఇద్దరం వెళ్లాం. సరిగ్గా తలంబ్రాల వేళకు ఆ ఇనుము మొరాయించింది. సారు మీట నొక్కుతున్నాడు, అది పలకదు. పెళ్లికూతురి మేనమామకు ఒళ్లు మండింది.

"ఏందయ్యా, తీస్తవా, మల్లొకసారి పొయ్యమంటవా?"

సారుకు తెలియకుండా తెచ్చుకున్న జపాన్ కెమెరా నా సంచిలో ఉంది. తీసి టకటకా ఫొటోలు కొట్టాను. సారు ఆ పూట అన్నం ముట్టలేదు, నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ ఫొటోల మీద స్టూడియో ముద్ర వేయడం మాత్రం మరిచిపోలేదు.

రిపేరు చేసేవాడు కెమెరా విప్పి చూసి చేతులెత్తేశాడు. "సామాను దొరకది సార్. చేసినోళ్లే బంజేసిండ్రు."

సిరిసిల్ల వెళ్లి ఇదంతా మా నాన్నకు చెప్పి నవ్వాను. జర్మనీవాళ్లు కెమెరాల్లో పళ్లచక్రాలు బిగించుకుంటూ మురిసిపోతుంటే, జపాన్‌వాళ్లు లోపల ఎలక్ట్రానిక్స్ పెట్టి, చవకగా, తొందరగా చేసి బజారు పట్టుకుపోయారని వివరించాను. చేమగ్గం వదిలి మరమగ్గానికి వచ్చిన నేతపనివాడు మా నాన్న. ఆయన నవ్వలేదు.

"మేం గూడ గట్లనే గద బిడ్డా. మా చేతిపనే గొప్పదనుకుంట కూసున్నం."

ఆ మాటకు నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

పోయిన ఎండాకాలం సిరిసిల్లలోనే ఒక పెళ్లికూతురు, "అక్కా, గా పెద్ద కెమెరా వద్దు. నా ఫోన్ల తియ్యి, రీల్స్ పెట్టాలె" అంది. జపాన్ గొప్పతనం మీద పది నిమిషాలు ఉపన్యాసం దంచాను. ఆమె ఓపిగ్గా విని, నా కెమెరాను తిరగేసి చూసింది.

"గిది థాయిలాండ్‌ల చేసిందట గదా అక్కా!"

ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ దాని అడుగు చూడలేదు. కూలి తక్కువున్న చోటికి ఫ్యాక్టరీ వెళ్లిపోయింది, పేరు మాత్రం జపాన్‌లో ఉండిపోయింది.

"నా ఫోన్ మన దేశంలనే చేసిండ్రు" అని ఆమె మురిసిపోయింది. ఇక్కడ చేసింది చాలావరకు బిగింపే, లోపలి కెమెరా ముక్క జపాన్‌దే అయుండొచ్చని చెప్పబోయి ఊరుకున్నాను.

కెమెరా పట్టిన అలవాటుతో ఫోను అడ్డంగా పట్టుకున్నాను. పెళ్లికూతురే నా చెయ్యి పట్టి నిలువుగా తిప్పింది.